లేజర్‌తో కళ్లజోడు పోతుంది.. మరి ఉద్యోగం? ఆపరేషన్‌కు ముందు ఈ లెక్క చూసుకోవాల్సిందే!

సైట్ వచ్చిందని చిన్నప్పుడే కళ్లజోడు పెట్టుకున్న పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల వయసుకు వచ్చారు. పోలీస్, ఆర్మీ, రైల్వే.. ఏ నోటిఫికేషన్ పడినా ముందుగా చూసుకునేది కంటి చూపు నిబంధనే. అక్కడే లేజర్ ఆపరేషన్ ఆలోచన మొదలవుతోంది. బెజవాడ వెళ్లి లేజర్ చేయించుకుంటే కళ్లజోడు పోతుంది, మెడికల్ టెస్ట్ గట్టెక్కేస్తాం అన్నది చాలామంది లెక్క. కానీ ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. కొన్ని ఉద్యోగాలకు లేజర్ దారి తెరుస్తుంది. మరికొన్నింటికి ఉన్న దారిని శాశ్వతంగా మూసేస్తుంది. ఏ మెషీన్ మంచిది, ఎక్కడ రేటు తక్కువ అని అడిగే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఇదే.

కరకట్ట ఊళ్లలో ఈ ప్రశ్న ఎందుకు?

కృష్ణా నది ఒడ్డున ఉన్న మండల కేంద్రం తోట్లవల్లూరు. చెరకు, పసుపు, అరటి, కంద పండే లంకభూముల ప్రాంతం. పొలం మీద ఆదాయం ఏటికేడాది మారిపోతుంది. అందుకే డిగ్రీ, ఇంటర్ అయిన పిల్లలకు యూనిఫాం ఉద్యోగం అంటే ఇంటికి ఒక భరోసా. ఉయ్యూరు, పామర్రు, గుడివాడ, అవనిగడ్డ.. డెల్టాలో ఎక్కడ చూసినా ఇదే పరిస్థితి. పరుగు, హైజంప్‌లకు నెలల తరబడి సాధన చేస్తారు. చివర్లో కంటి పరీక్ష దగ్గర ఆగిపోతే ఆ కష్టమంతా వృథా.

ఉద్యోగం ఒక్కటే కాదు. పెళ్లిచూపుల నాటికి అమ్మాయికి కళ్లజోడు ఉండకూడదని తొందరపెట్టే ఇళ్లు ఉన్నాయి. అమెరికా చదువుకు వెళ్లే ముందు ఇక్కడే చేయించేస్తే ఖర్చు తక్కువని ఆలోచించే తల్లిదండ్రులూ ఉన్నారు. అసలు దూరపు చూపు ఆనకపోవడం ప్రపంచమంతా పెరుగుతోంది. 2050 నాటికి ప్రపంచ జనాభాలో దాదాపు సగం మందికి ఈ సమస్య ఉంటుందని 2016లో వచ్చిన బ్రీన్ హోల్డెన్ బృందం అధ్యయనం అంచనా వేసింది. అంటే లేజర్ గురించి అడిగేవాళ్లు ఇంకా పెరుగుతారే తప్ప తగ్గరు.

కంటి వైద్యం విషయంలో ఈ ప్రాంతం వెనకబడింది కూడా కాదు. ఈడుపుగల్లులో చదువు మొదలుపెట్టిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థను స్థాపించారు. బందరు రోడ్డులోని తాడిగడపలో ఆ సంస్థ క్యాంపస్ 2011 నుంచి పనిచేస్తోంది. విజయవాడలో ప్రైవేటు కంటి ఆసుపత్రులు చాలానే ఉన్నాయి. డాక్టర్ దొరకడం సమస్య కాదు. ఏం అడగాలో తెలియకపోవడమే సమస్య.

'లేజర్' అంటే ఒకటే ఆపరేషన్ కాదు

ఊళ్లలో లేజర్ అనే మాటను దేనికైనా వాడేస్తారు. తాతకు శుక్లం తీసినా లేజర్ అంటారు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతింటే చేసే చికిత్సనూ లేజర్ అంటారు. ఆ రెండూ వేరు. కళ్లజోడు తీసేయడానికి చేసే లేజర్ వేరు. ఇది నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే పారదర్శక పొర, అంటే కార్నియా మీద చేస్తారు. కార్నియా వంపును మార్చి, లోపలికి వెళ్లే కాంతి సరిగ్గా రెటీనా మీద పడేలా చేయడమే దీని పని.

ఈ వైద్యం వెనక మద్రాసులో పుట్టిన శాస్త్రవేత్త ఒకరు ఉన్నారు. ఐబీఎంలో పనిచేసిన రంగస్వామి శ్రీనివాసన్, తన సహచరులు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్‌తో కలిసి 1981లో ఒక విషయం కనిపెట్టారు. ఎక్సైమర్ లేజర్‌తో జీవకణజాలాన్ని చుట్టుపక్కల కాల్చకుండా, అతి పలుచగా చెక్కవచ్చని తేల్చారు. ఆ ప్రయోగాన్ని థాంక్స్‌గివింగ్ పండగలో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద చేశారు. ఆ తర్వాతే కంటి డాక్టర్లు దీన్ని కార్నియాకు వాడారు. 2013లో ఈ ముగ్గురికీ అమెరికా అధ్యక్షుడు ఒబామా చేతుల మీదుగా జాతీయ టెక్నాలజీ పతకం అందింది.

ఇప్పుడు దొరికే పద్ధతులు ఏంటి?

పీఆర్‌కే: ఇది అన్నింటికంటే పాతది. కార్నియా మీద ఉండే పలుచని పైపొరను తీసేసి, నేరుగా ఉపరితలం మీద లేజర్ వేస్తారు. పైపొర మళ్లీ దానంతటదే పెరుగుతుంది. మూడు నాలుగు రోజులు నొప్పి, మంట, నీళ్లు కారడం ఉంటాయి. చూపు తేటపడటానికి వారాలు పడుతుంది. కొన్ని నెలలు ఎండలో చలువ అద్దాలు తప్పనిసరి. లేకపోతే కార్నియా మీద మసక ఏర్పడే ముప్పు ఉంది. అయితే ఇందులో ఫ్లాప్ ఉండదు. కంటికి దెబ్బ తగిలే ఆటలు, పనుల్లో ఉన్నవాళ్లకు, కార్నియా కాస్త పలుచగా ఉన్నవాళ్లకు డాక్టర్లు దీన్ని సూచిస్తారు.

లాసిక్: అందరికీ తెలిసిన పేరు ఇదే. కార్నియా పైభాగాన్ని పుస్తకం అట్టలా ఒకవైపు అతికి ఉండేలా లేపుతారు. దీన్నే ఫ్లాప్ అంటారు. కింద లేజర్ వేసి, ఫ్లాప్‌ను మళ్లీ మూసేస్తారు. ఫ్లాప్‌ను బ్లేడుతో కోయొచ్చు, ఫెమ్టోసెకండ్ లేజర్‌తో కోయొచ్చు. ప్రకటనల్లో కనిపించే 'బ్లేడ్‌లెస్' అంటే రెండోది. మర్నాటికే చూపు బాగా తెలుస్తుంది. నొప్పి తక్కువ. కానీ ఫ్లాప్ ఎప్పటికీ పూర్వంలా అతుక్కోదు. ఏళ్ల తర్వాత కూడా కంటికి గట్టి దెబ్బ తగిలితే అది కదిలే అవకాశం ఉంది. చెరకు ఆకు కోసుకోవడం, ఎద్దు కొమ్ము తగలడం, కబడ్డీలో మోచేయి దెబ్బ.. పల్లెలో ఉండేవాళ్లు ఇవన్నీ డాక్టర్‌కు ముందే చెప్పాలి. 'కాంటూరా' అనేది కూడా లాసిక్‌లో ఒక రకమే. కార్నియా ఎత్తుపల్లాల మ్యాప్ ఆధారంగా లేజర్ వేస్తారు.

స్మైల్: ఇందులో ఫ్లాప్ ఉండదు. ఫెమ్టోసెకండ్ లేజర్‌తో కార్నియా లోపలే చిన్న బిళ్ల లాంటి ముక్కను చెక్కి, 2 నుంచి 4 మిల్లీమీటర్ల రంధ్రం గుండా బయటకు లాగేస్తారు. పైపొరలోని నరాలు తక్కువగా తెగుతాయి కాబట్టి కళ్లు పొడిబారే ఇబ్బంది లాసిక్ కంటే తక్కువని చెబుతారు. అమెరికా ఎఫ్‌డీఏ 2016లో దీనికి అనుమతి ఇచ్చింది. స్మైల్ ప్రో, సిల్క్ వంటి పేర్లు ఇదే దారిలో వచ్చిన కొత్త మెషీన్లవి. ఖర్చు ఎక్కువ. మైనస్ పవర్‌కు, సిలిండర్ పవర్‌కు వాడతారు. ప్లస్ పవర్ ఉన్నవాళ్లకు సాధారణంగా చేయరు.

ఐసీఎల్: ఇది లేజర్ కాదు. కంటి లోపల, సొంత లెన్స్ ముందు పలుచని కృత్రిమ లెన్స్‌ను అమరుస్తారు. కార్నియా పలుచగా ఉన్నవాళ్లకు, మైనస్ 10 దాటిన పెద్ద పవర్ ఉన్నవాళ్లకు ఇదే దారి. అవసరమైతే తీసేయవచ్చు. కానీ కంటి లోపల చేసే ఆపరేషన్ కాబట్టి ఇన్ఫెక్షన్, కంటి ప్రెషర్ పెరగడం, శుక్లం త్వరగా రావడం లాంటి ముప్పులు వేరుగా ఉంటాయి.

ఎంపిక చేసేది జేబు కాదు.. కార్నియా

హోటల్లో మెనూ చూసి ఆర్డర్ ఇచ్చినట్టు ఈ నాలుగింటిలో ఒకదాన్ని ఎంచుకోవడం కుదరదు. అసలు నిర్ణయం కార్నియా మందం మీద ఆధారపడుతుంది. సాధారణంగా అది అర మిల్లీమీటరుకు అటూఇటూ, అంటే 500 మైక్రాన్లకు పైచిలుకు ఉంటుంది. చీటీలో రాసే ఒక్కో పవర్‌కు లేజర్ సుమారు 14 మైక్రాన్ల మందాన్ని చెక్కేస్తుంది. లాసిక్‌లో ఫ్లాప్‌కు మరో 110 మైక్రాన్లు పోతాయి. ఫ్లాప్ కింద కనీసం 250, వీలైతే 300 మైక్రాన్లు మిగలాలన్నది డాక్టర్లు పాటించే హద్దు.

ఉదాహరణకు కార్నియా 500 మైక్రాన్లు ఉన్నవాళ్లకు మైనస్ 6 పవర్ ఉందనుకుందాం. ఫ్లాప్‌కు 110, లేజర్‌కు 84 పోతే 306 మిగులుతుంది. ఫర్వాలేదు. అదే మైనస్ 9 అయితే మిగిలేది 264 మాత్రమే. ఇక్కడ జాగ్రత్తపడే డాక్టర్ లాసిక్ వద్దంటారు. హద్దు దాటి చెక్కితే కార్నియా బలహీనపడి, ఏళ్లు గడిచాక ముందుకు ఉబ్బుకొస్తుంది. అప్పుడు చూపు ఆపరేషన్‌కు ముందున్న దానికంటే ఘోరంగా తయారవుతుంది.

కొందరికి ఆపరేషన్ లేకుండానే కార్నియా ఉబ్బే జబ్బు ఉంటుంది. దాన్నే కెరటోకోనస్ అంటారు. అలర్జీతో కళ్లు తెగ నలుపుకునేవాళ్లలో ఇది ఎక్కువ. వీళ్లకు లాసిక్ చేస్తే ముప్పే. అందుకే కార్నియా మ్యాప్, అంటే టోపోగ్రఫీ పరీక్ష లేకుండా ఏ ఆసుపత్రిలోనూ ఆపరేషన్‌కు ఒప్పుకోకూడదు. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు ఈ పరీక్షకు ముందు కనీసం ఒకటి రెండు వారాలు లెన్స్ ఆపేయాలి. లేకపోతే మ్యాప్ తప్పు చూపిస్తుంది.

వయసు 18 దాటాలి. ఏడాదిపాటు పవర్ పెద్దగా మారకుండా నిలకడగా ఉండాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు పవర్ మారుతూ ఉంటుంది కాబట్టి ఆ సమయంలో చేయరు. పెళ్లి ముహూర్తం దగ్గరపడిందని పవర్ నిలకడగా లేని అమ్మాయికి చేయిస్తే, రెండేళ్లకు మళ్లీ కళ్లజోడు వచ్చే అవకాశం ఉంది.

అసలు మెలిక: ఏ ఉద్యోగానికి లేజర్ పనికొస్తుంది?

డెల్టా కుర్రాళ్లకు అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. దీనికి ఆసుపత్రిలో జవాబు దొరకదు. నోటిఫికేషన్‌లోనే దొరుకుతుంది.

రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి ఏ-1 మెడికల్ కేటగిరీ కావాలి. కళ్లజోడు లేకుండా రెండు కళ్లకూ 6/6 ఉండాలి. అంతేకాదు, లాసిక్ లాంటి సర్జరీ చేయించుకున్నవాళ్లు అనర్హులని నోటిఫికేషన్‌లోనే స్పష్టంగా ఉంటుంది. అంటే కళ్లజోడు ఉన్నా కుదరదు, లేజర్ చేయించుకున్నా కుదరదు.

వైమానిక దళంలో అగ్నివీర్ వాయుకు కూడా పీఆర్‌కే, లాసిక్ చేయించుకున్నవాళ్లను తీసుకోరు. విచిత్రం ఏంటంటే అక్కడ ఒక్కో కంటికి 6/12 చూపు ఉండి, అద్దాలతో 6/6కు వస్తే సరిపోతుంది. అంటే చిన్న పవర్ ఉన్న కుర్రాడు కళ్లజోడుతోనే అర్హుడు. మెడికల్‌లో ఎక్కడ పోతుందోనని భయపడి లేజర్ చేయించుకుంటే మాత్రం అనర్హుడు. డబ్బు ఖర్చుపెట్టి మరీ అవకాశాన్ని పోగొట్టుకోవడం అంటే ఇదే.

ఇంటర్ తర్వాత రాసే ఎన్డీఏకూ లాసిక్‌ను అనుమతించరు. డిగ్రీ తర్వాత రాసే సీడీఎస్ లాంటి ఆఫీసర్ ఎంట్రీల్లో షరతులతో ఒప్పుకుంటారు. 20 ఏళ్లు నిండాకే ఆపరేషన్ జరిగి ఉండాలి. మెడికల్ నాటికి కనీసం 12 నెలలు గడవాలి. కార్నియా మందం 450 మైక్రాన్లకు తగ్గకూడదు. ఆర్మీకైతే కనుగుడ్డు పొడవు 26 మిల్లీమీటర్లు దాటకూడదు. రెటీనా ఆరోగ్యంగా ఉండాలి.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. డాక్టర్ లెక్కలో క్షేమం అనుకున్నది ఆర్మీ లెక్కలో ఫెయిల్ కావొచ్చు. కార్నియా 490 మైక్రాన్లు, పవర్ మైనస్ 4 ఉన్న కుర్రాడికి లేజర్ వేస్తే 56 మైక్రాన్లు పోయి 434 మిగులుతుంది. వైద్యపరంగా ఇబ్బంది లేకపోవచ్చు. కానీ 450 హద్దు దాటలేదు కాబట్టి ఆర్మీ మెడికల్‌లో అన్‌ఫిట్. అందుకే డాక్టర్‌ను 'చేయొచ్చా' అని మాత్రమే అడిగితే చాలదు. 'చేశాక ఎంత మిగులుతుంది' అని అడిగి, ఆ అంకెను కాగితం మీద రాయించుకోవాలి.

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటి బలగాల కానిస్టేబుల్ పోస్టులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే జీడీ నియామకాల్లో అద్దాలు లేకుండా ఒక కంటికి 6/6, మరో కంటికి 6/9 ఉండాలి. రాష్ట్ర పోలీసు నియామకాలకు సొంత నిబంధనలు ఉంటాయి. ఏ నోటిఫికేషన్‌కు ఆ నోటిఫికేషన్ చూడాల్సిందే. స్నేహితుడికి అయింది కదా అని నమ్మడం ప్రమాదం. అతను రాసిన పరీక్ష వేరు కావొచ్చు, ఏడాది వేరు కావొచ్చు.

చెప్పకుండా దాచొచ్చా?

కోచింగ్ సెంటర్ల దగ్గర వినిపించే సలహా ఇది. కానీ దాగదు. స్లిట్ ల్యాంప్ కింద చూస్తే లాసిక్ ఫ్లాప్ అంచు సన్నని గీతలా ఏళ్ల తర్వాత కూడా కనిపిస్తుంది. పీఆర్‌కే, స్మైల్‌లో ఆ గీత లేకపోయినా, కార్నియా మందం, మ్యాప్ పరీక్షలు చేస్తే లేజర్ పడిన సంగతి బయటపడుతుంది. పైగా డిక్లరేషన్‌లో తప్పుడు సమాచారం ఇచ్చినట్టవుతుంది. ఉద్యోగం రాకపోవడం ఒక ఎత్తు, వచ్చాక పోవడం మరో ఎత్తు.

టైమింగ్ కూడా ముఖ్యమే. నోటిఫికేషన్ వచ్చాక ఆసుపత్రికి పరుగెత్తితే, 12 నెలల నిబంధన ఉన్న ఎంట్రీలకు ఆ ఏడాది పోయినట్టే. ముందే ప్లాన్ చేసుకోవాలి.

చూపు వస్తుంది.. ఇబ్బందులూ రావొచ్చు

లేజర్ తర్వాత చూపు విషయంలో ఎక్కువమంది సంతోషంగానే ఉంటారు. అమెరికా ఎఫ్‌డీఏ, అక్కడి రక్షణ శాఖ, జాతీయ కంటి సంస్థ కలిసి చేసిన 'ప్రౌల్' అధ్యయనాల్లో 95 శాతానికి పైగా తమ చూపు పట్ల తృప్తిగా ఉన్నామని చెప్పారు. అయితే అదే అధ్యయనంలో మరో సంగతి ఉంది. ముందు ఏ ఇబ్బందీ లేనివాళ్లలో 46 శాతం వరకు మూడు నెలల తర్వాత కనీసం ఒక కొత్త ఇబ్బంది చెప్పారు. లైట్ల చుట్టూ వలయాలు, మిరుమిట్లు, రెండుగా కనిపించడం లాంటివి. కళ్లు పొడిబారే సమస్య ముందు లేనివాళ్లలో 28 శాతం వరకు అది కొత్తగా వచ్చింది. రోజువారీ పనులకు బాగా ఇబ్బంది పడినవాళ్లు మాత్రం ఒక శాతం లోపే. ఈ విషయాలన్నీ రోగులకు ముందే స్పష్టంగా చెప్పాలంటూ 2022లో ఎఫ్‌డీఏ ముసాయిదా మార్గదర్శకాలు కూడా తెచ్చింది.

మన దగ్గర ఈ అంకెలను ఎలా చూడాలి? రాత్రిపూట కరకట్ట మీద బైక్ నడిపేవాళ్లకు ఎదురుగా వచ్చే లారీ లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తే అది చిన్న ఇబ్బంది కాదు. హైదరాబాద్‌లో ఏసీ గదిలో పది గంటలు కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు పొడి కళ్లు రోజూ నరకమే. గుడివాడ, నాగాయలంక వైపు రొయ్యల చెరువుల్లో పనిచేసేవాళ్లు, కాలువలో ఈత కొట్టేవాళ్లు డాక్టర్ చెప్పినన్ని వారాలు నీళ్లకు దూరంగా ఉండాల్సిందే. కళ్లం దుమ్ము, ఆకు దెబ్బతో కార్నియాకు వచ్చే ఫంగస్ ఇన్ఫెక్షన్ మామూలు కంటికే ప్రమాదం. కొత్తగా ఆపరేషన్ అయిన కంటికి ఇంకా ప్రమాదం. అందుకే కోతల సీజన్‌లో కాకుండా, పొలం పని లేని రోజుల్లో చేయించుకోవడం మేలు. అమెరికా ప్రయాణానికి వారం ముందు చేయించుకుంటే నెల, మూడు నెలల చెకప్‌లు ఎవరు చేస్తారో కూడా ఆలోచించాలి.

ఇంకో రెండు అపోహలు తీరాలి. పెద్ద మైనస్ పవర్ ఉన్నవాళ్లకు రెటీనా ఊడే ముప్పు లేజర్ తర్వాత కూడా అలాగే ఉంటుంది. కళ్లజోడు పోయిందంటే కంటి జబ్బు పోయినట్టు కాదు. ఇక 40 దాటాక వచ్చే చత్వారం అందరికీ వస్తుంది. పాతికేళ్లకు లేజర్ చేయించుకున్నవాళ్లూ ఆ వయసులో పేపర్ చదవడానికి అద్దాలు పెట్టుకోవాల్సిందే.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

బీమా ఉంది కదా అనుకుంటే పొరపాటు. ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల ప్రకారం 7.5 కంటే తక్కువ పవర్‌కు చేసే సర్జరీకి ఆరోగ్య బీమా కంపెనీలు డబ్బు చెల్లించాల్సిన అవసరం లేదు. అంటే ఎక్కువమందికి ఇది చేతి సొమ్మే. ఆఫర్ పేరుతో తక్కువ రేటు చెప్పినప్పుడు అందులో ముందస్తు పరీక్షలు, మందులు, చెకప్‌లు, పవర్ కొంత మిగిలితే మళ్లీ చేసే లేజర్ కలిసి ఉన్నాయో లేదో అడగాలి.

ఏం చేయాలి?

ముందు మనసులో ఉన్న ఉద్యోగం నోటిఫికేషన్ తీసి, మెడికల్ నిబంధనల పేజీ చదవాలి. లాసిక్‌పై నిషేధం ఉంటే ఆ ఉద్యోగం ఆశ తేలేదాకా కంటి జోలికి పోకూడదు. షరతులతో అనుమతి ఉంటే ఆ పేజీని డాక్టర్ ముందు పెట్టాలి. కార్నియా మందం, టోపోగ్రఫీ, రెటీనా పరీక్ష, కనుగుడ్డు పొడవు.. ఈ నాలుగు రిపోర్టులు చేతికి తీసుకోవాలి. వీలైతే రెండో డాక్టర్‌కూ చూపించాలి. ఆపరేషన్ చేయించుకుంటే డిశ్చార్జ్ కాగితాలు జాగ్రత్తగా దాచుకోవాలి. రేపు మెడికల్ బోర్డు అడిగేది అవే. శుక్లం వచ్చే వయసులో లెన్స్ పవర్ లెక్కకట్టడానికీ అవే కావాలి.

పరీక్షలన్నీ అయ్యాక 'మీ కళ్లకు లేజర్ వద్దు' అని డాక్టర్ చెబితే నిరాశపడాల్సిన పని లేదు. కళ్లజోడుతో చేసుకునే ఉద్యోగాలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఒకసారి చెక్కేసిన కార్నియాను మాత్రం ఏ మెషీనూ తిరిగి పెంచలేదు.